సవరణ: హెచ్‌1బీ వాళ్లకు 3.5 శాతం డౌన్‌పేమెంట్ దారి లేదు

అమెరికాలో చిన్న అద్దె ఇల్లు కొని, ఒక పోర్షన్‌లో మనం ఉంటూ మిగతావి అద్దెకివ్వడం గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

మొదటిది పెద్దదే. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు కూడా ఎఫ్‌హెచ్‌ఏ (ఇంటి లోన్లకు బీమా ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) లోన్‌తో 3.5 శాతం కట్టి కొనొచ్చని రాశాను. 2025 మే 25 నుంచి కొత్త దరఖాస్తులకు ఆ దారి మూసేశారు. నేను చూసింది పాత నోట్సు. డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు అది చదివి లెండర్ దగ్గరికి వెళ్లి, "అన్నా, పరువు తీశావు" అని ఫోన్ చేశాడు. వీసా మీద ఉన్నవాళ్లు కన్వెన్షనల్ లోన్, అంటే ప్రభుత్వ బీమా లేని మామూలు ఇంటి లోన్ గురించి అడగండి. సొంతంగా ఉండబోయే 2 నుంచి 4 యూనిట్ల (పోర్షన్ల) ఇళ్లకు, బ్యాంకుల నుంచి ఇలాంటి లోన్లు కొనే ఫానీ మే అనే సంస్థ 2023 నవంబరు నుంచి 5 శాతం డౌన్‌పేమెంట్‌కే ఒప్పుకుంటోంది.

రెండోది ఎఫ్‌హెచ్‌ఏ లోన్ తీసుకోగలిగిన వాళ్లకు ఇచ్చిన లెక్క. మనం ఉండేదాన్నీ కలిపి మూడు పోర్షన్లు, ఒక్కోదానికి 1,800 డాలర్ల చొప్పున 5,400 అద్దె, నెలకు 4,300 కిస్తీ, హాయిగా సరిపోతుందన్నాను. కానీ 3, 4 యూనిట్ల ఇళ్లకు ఎఫ్‌హెచ్‌ఏ ఖాళీలకూ రిపేర్లకూ అని అద్దెలో కనీసం 25 శాతం తీసేస్తుంది. మిగిలేది 4,050. పన్ను, ఇన్సూరెన్స్‌తో కలిపిన కిస్తీ దాన్ని దాటితే లోన్ రాదు. అంటే నేనిచ్చిన ఉదాహరణే ఫెయిల్! డూప్లెక్స్‌కు, అంటే అక్కడ రెండు యూనిట్ల ఇంటికి, మాత్రం ఈ పరీక్ష లేదు.