సైన్స్ కూడా నమ్మకమేగా అనేవాళ్లకు

"మీ సైన్స్ కూడా నమ్మకమేగా!" ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఈ మాట ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నిజమే. భూమి తిరగడం నేను కళ్లారా చూడలేదు. డాక్టరు రాసిన మాత్రలో ఏముందో తెలియకుండానే మింగుతాను. కానీ నమ్మినట్టు జరగనప్పుడు ఏం చేస్తాం? నా బాధంతా అక్కడే.

ఖగోళ శాస్త్రవేత్త సామంత చంద్రశేఖర్‌నే తీసుకోండి, ఒడియావాళ్లు పఠాణి సామంత అని పిలుచుకునే ఆయన్ని. 1835లో ఖండపడాలో పుట్టారు. గొప్ప జగన్నాథ భక్తుడు. పాత సిద్ధాంతాల లెక్క ప్రకారం గ్రహం ఉండాల్సిన చోట ఆకాశంలో లేదు. పెద్దల మాట కదా అని ఊరుకోలేదాయన. టెలిస్కోప్ లేకుండా, వెదురు గొట్టాలూ కర్రలతో పరికరాలు చేసుకుని, ఏళ్ల తరబడి రాత్రుళ్లు ఆకాశాన్ని కొలిచి లెక్కలు సరిచేశారు. ఆ లెక్కలతో ఆయన రాసిన పుస్తకం 'సిద్ధాంత దర్పణం' 1899లో అచ్చయింది. పూరీ గుడి పూజల వేళలకు ఆ లెక్కలే ఆధారమయ్యాయి. సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడనే ఆయన నమ్మారు, అది తప్పే. అయినా చంద్రుడి నడకలో తేడాలు సొంతంగా పట్టుకున్నారు. కంటికి కనిపించినదాన్ని పాత లెక్క కోసం మార్చలేదు మరి. ఆ మనిషంటే నాకు చెప్పలేనంత గౌరవం.

మా కొండవైపు ఊళ్లలో పాము కరిస్తే ఇప్పటికీ కొందరు ముందు మంత్రగాడి దగ్గరికే పరిగెడతారు. వేపమండలతో తుడుస్తాడు, కాలికి గుడ్డ బిగిస్తాడు, మంత్రించిన నీళ్లు తాగిస్తాడు. చాలామంది లేచి నడిచి ఇంటికెళ్తారు కూడా. కరిచే పాముల్లో చాలావాటికి విషమే ఉండదు, నాగుపాము కూడా ఒక్కోసారి విషం దించకుండా కరుస్తుంది. అలా బతికినవాళ్లంతా మంత్రం ఖాతాలోకే. కట్లపాము కాటుకి వాపు, నొప్పి పెద్దగా ఉండవు. కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరాడదు. ఆ మనిషి పోతే "ఆయువు తీరింది" అంటారు. బతికితే మంత్రం, పోతే రాత! ఇక ఆ మంత్రం తప్పని తేలేదెప్పుడు?

ఆసుపత్రిలోనూ కొందరు పోతారు. అక్కడ ఎంత ఆలస్యమైంది, ఎంత మందు ఎక్కించారు అని రాసిపెడతారు. మన దేశపు విరుగుడు మందు నాలుగు రకాల పాముల విషంతోనే తయారవుతుందనీ, మిగతా పాములకు సరిగా పనిచేయదనీ చెప్పింది కూడా డాక్టర్లే. తమ మందు లోపం తామే చెప్పేవాళ్లను నేను నమ్ముతాను.

మొక్కుకోండి, మా ఇంట్లోనూ మొక్కుతాం. ముందు 108కి ఫోన్ చేయండి. గుడ్డ బిగించొద్దు, గాయం కోయొద్దు, కాలు కదలనివ్వొద్దు. పర్లాకిమిడైనా, పాతపట్నమైనా, మందున్న ఆసుపత్రి ఏది దగ్గరైతే అక్కడికి. మొక్కులు బండిలో కూర్చున్నాక.