నెత్తురు తక్కువైతే ముందు గుండె వినండి

మా పెదనాయనకు రెండేళ్లలో 5 సార్లు నెత్తురు ఎక్కించారు. చండూరు దగ్గర పల్లె, వయసు 76. హిమోగ్లోబిన్ 6కు పడిపోతుంది, నల్లగొండ తీసుకొస్తాం, ఎక్కిస్తారు, ఐరన్ గోలీలు రాసి పంపిస్తారు. రిపోర్టులన్నీ ఒక చీరల షాపు సంచిలో ఉండేవి. కడుపు, పేగు లోపల కెమెరాతో చూసే రెండు ఎండోస్కోపీలు, ఒక కొలనోస్కోపీ, ప్లేట్‌లెట్ల లెక్క, నెత్తురు ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే పీటీ, ఐఎన్ఆర్. అన్నీ నార్మలే. గుండె కాగితం మాత్రం ఒక్కటీ లేదు.

ఐదోసారి ఒక హౌస్ సర్జన్ అమ్మాయి స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టి, మెడ దాకా జరిపి చాలాసేపు విన్నది. "తాతా, నడిస్తే దమ్ము వస్తదా?" అనడిగింది. "ముసలోనికి దమ్ము రాక ఇంకేమొస్తది బిడ్డా" అన్నాడాయన. గుండె స్కాన్ (ఎకో) తీస్తే, గుండె నుంచి ఒంటికి నెత్తురు వెళ్లే దారిలో ఉండే అయోర్టిక్ వాల్వు సున్నం పట్టి బిగుసుకుపోయి ఉంది. 3, 4 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సింది ఒకటి కూడా తెరుచుకోవడం లేదు.

గుండెలో వాల్వు సన్నబడితే పేగులో నెత్తురు ఎందుకు కారాలి? ఈ రెండూ ఒకే మనిషిలో కనిపిస్తున్నాయని అమెరికా డాక్టరు ఎడ్వర్డ్ హైడ్ 1958లోనే రాశాడు. కారణం తేలడానికి దశాబ్దాలు పట్టింది. ఆ కారణం పేరు వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఒక ప్రొటీన్. పొడవాటి గొలుసులా ఉంటుంది. నాళం చిట్లిన చోట ప్లేట్‌లెట్లను పట్టి అతికించేది ఇదే. గొలుసు ఎంత పొడవుంటే పట్టు అంత గట్టిది. పైపు మూతిని వేలితో నొక్కితే నీళ్లు ఎంత జోరుగా చిమ్ముతాయో చూశారుగా, సన్నబడిన వాల్వు గుండా నెత్తురు అలాగే దూసుకుపోతుంది. ఆ ఒరిపిడికి ఉండలా చుట్టుకుని ఉన్న ఆ గొలుసు సాగుతుంది. సాగిన చోట నెత్తురులోనే ఉండే ఒక ఎంజైమ్ దాన్ని కోసేస్తుంది. పుట్టపాకలో మగ్గం ముందు కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు, పొట్టి పోగులతో ముడి పడదని. పేగు గోడలో ముసలితనంలో పెరిగే పలుచటి నాళాలు చిట్లినప్పుడు ఆ ముడి పడక నెత్తురు కారుతూనే ఉంటుంది.

మామూలు ల్యాబ్ పరీక్షల్లో ఇది చాలావరకు కనబడదు. ప్లేట్‌లెట్ల లెక్క సరిగ్గానే ఉంటుంది, పీటీ సరిగ్గానే వస్తుంది. పైగా ఐరన్ గోలీలు వేసుకుంటే మలం ఎలాగూ నల్లగా వస్తుంది కాబట్టి, పేగులో నెత్తురు పోయి నల్లబడినా "గోలీల వల్లే లే" అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం.

ఫ్రాన్స్‌లోని లీల్ నగరం డాక్టర్లు అయోర్టిక్ వాల్వు సన్నబడిన 50 మంది రోగులను పరీక్షించి, ఫలితాలు 2003లో అచ్చేశారు. వాల్వు బాగా సన్నబడినవాళ్లలో 21 శాతం మందికి చర్మం నుంచో, ముక్కు, పేగుల్లాంటి చోట్ల నుంచో నెత్తురు పోయిన చరిత్ర ఉంది. వాల్వు ఆపరేషన్ చేసిన మర్నాడే ప్రొటీన్ మళ్లీ పొడవుగా కనిపించింది. మర్నాడే! ఇక్కడ మనం ఏళ్లతరబడి పేగును వెతుకుతుంటాం.

మన దగ్గర ముసలివాళ్లకు నెత్తురు తగ్గడానికి వేరే కారణాలు బోలెడున్నాయని డాక్టర్లంటారు. నిజమే. మా నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసినవాళ్లు ఏళ్ల తరబడి నొప్పి గోలీలు మింగారు, వాటితో కడుపులో పుండ్లు పడతాయి. తిండి లోపం ఉంది, నులిపురుగులున్నాయి. వాటిని ముందు చూడాల్సిందే. కానీ అవేవీ దొరకనప్పుడు మూడో ఎండోస్కోపీకి రాసేవాళ్లు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టడానికి ఎందుకు బద్ధకిస్తారు? అరుదైన జబ్బు అంటారు. వినకపోతే ఏ జబ్బయినా అరుదే.

ముందే తెలిస్తే ఇంకో లాభం ఉంది. లోహపు వాల్వు వేస్తే జీవితాంతం నెత్తురు పలచబడే మందు వాడాలి. పేగులో నెత్తురు పోయే మనిషికి అది నిప్పు మీద నెయ్యి. జంతు కణజాలంతో చేసిన వాల్వు వేయమని సర్జన్‌ను అడగాలంటే, ముందుగా ఈ రెండు జబ్బులూ ఒకటేనని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఆ చెప్పేవాళ్లే లేకుండా పోతున్నారు. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్... అన్నిచోట్లా మెడికల్ కాలేజీలొచ్చాయి, సంతోషం. కానీ మనిషిని ముక్కలు చేసి పంచుకునే అలవాటు కూడా వాటితోపాటే వచ్చింది. కడుపు డాక్టరు కడుపు చూస్తాడు, గుండె డాక్టరు దగ్గరికి గుండె నొప్పి అంటేనే పంపిస్తారు. సంచి మోసే కొడుకే ఈ ఇద్దరి మధ్య కన్సల్టెంట్. ఆరోగ్యశ్రీలో వాల్వు మార్పిడి ఉంది, కానీ వాల్వు జబ్బని రాసిన కాగితం చేతికొస్తేనే కదా.

నేను అడిగేది కొత్త మిషన్ కాదు. 60 దాటినవాళ్లకు నెత్తురు కావాలని బ్లడ్ బ్యాంకుకు పంపే ఫారంలో ఒక గడి పెట్టండి: గుండె విన్నారా, ఎవరు విన్నారు, ఏ తారీఖున? ఖాళీగా ఉంటే ఫారం వార్డుకు వాపస్ పంపండి. రోగి ప్రాణం మీదికొస్తే నెత్తురు ముందు ఎక్కించి, గడి సాయంత్రం నింపండి.