సంతకం పైన పెట్టించండి, సత్యం దానంతటదే వస్తుంది

మొన్నామధ్య ఒక మేనేజ్‌మెంట్ కాలేజీలో వ్యాపార నైతికత మీద వర్క్‌షాప్ అంటే వెళ్ళాను. వక్తగారు సగం స్లైడ్లు అయ్యాక ఆగి, గొంతు సవరించుకుని, మనుషులు అబద్ధాలాడకుండా ఉండేందుకు మార్గం ప్రకటించారు. ఏ ఫారమైనా సరే, సంతకం చివర్న కాకుండా మొదట్లోనే పెట్టిస్తే చాలట. హార్వర్డ్ వాళ్ళు కనిపెట్టారట. హాలంతా తల వంచుకుని నోట్ చేసుకుంది. ప్రశ్నల సమయంలో నేను లేచి, "అయ్యా, ఆ పేపర్‌ని 2021లోనే వెనక్కి తీసుకున్నారు, అందులో లెక్కలు దొంగ లెక్కలని తేలింది" అన్నాను. ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "కావచ్చండీ, కానీ కాన్సెప్ట్ బాగుంది కదా" అన్నారు.

నిజమే, కాన్సెప్ట్ చాలా బాగుంది. నిజాయితీ మీద రాసిన పేపర్‌లోనే దొంగ లెక్కలుండటం కన్నా బాగున్న కాన్సెప్ట్ ఈ మధ్యకాలంలో నా కంటపడలేదు.

ముందు ఆ పరిశోధన గొప్పతనం చూద్దాం. 2012లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి పత్రికలో వచ్చింది. రాసింది ఐదుగురు. అందులో ఫ్రాంచెస్కా జినో అప్పట్లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్, డాన్ ఏరియలీ డ్యూక్ యూనివర్సిటీ ప్రొఫెసర్. మనుషులు ఎందుకు అబద్ధమాడతారన్న విషయంలో ఇద్దరూ ప్రపంచ ప్రసిద్ధులు. ఒక కారు ఇన్సూరెన్స్ కంపెనీ ఫారాల్లో సగం మంది చేత పైన, సగం మంది చేత కింద సంతకం పెట్టించారు. బండి ఎన్ని మైళ్ళు తిరిగిందో రాయమన్నారు. తక్కువ తిరిగిందంటే ప్రీమియం తగ్గుతుంది కాబట్టి జనం తగ్గించే రాస్తారు. పైన సంతకం చేసినవాళ్ళు మాత్రం సగటున రెండు వేల మైళ్ళకు పైగా ఎక్కువ చూపించారట. అంటే అంతరాత్మ కాగితం పైభాగంలోనే ఉంటుందన్నమాట. కిందికి దిగదు.

మన ప్రభుత్వాలు ఇది ఎందుకు అందుకోలేదో నాకు అంతుపట్టదు. మండలాఫీసు ఫారం అడుగున "పైన తెలిపిన వివరములన్నియు నిజమని" ఉంటుంది కదా, దాన్ని "కింద తెలపబోవు వివరములన్నియు నిజమని" అని మార్చి నెత్తిన పెడితే సరిపోయేది. అయితే ఎన్నికల అఫిడవిట్ల దగ్గర చిన్న చిక్కుంది. వాటిలో అభ్యర్థి ప్రతి పేజీలోనూ సంతకం పెడతాడు. అన్ని సంతకాలు పెట్టిన మహానుభావుడికి సొంత కారు కూడా ఉండదు.

హైదరాబాదు దురదృష్టం ఏమిటంటే ఈ పరిశోధన నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది. కాస్త ముందొచ్చి ఉంటే, దొంగ లెక్కలతో కూలిపోయిన మన ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ ఈపాటికి నిక్షేపంలా ఉండేది. ఒక్కసారి ఊహించుకోండి. 2008, బాలెన్స్ షీటు తయారైంది. గుమాస్తా దాన్ని తీసుకుని కంపెనీ చైర్మన్ రామలింగరాజు గారి గదిలోకి వస్తాడు.

"సార్, ఈసారి సంతకం పైన పెట్టాలట."

"పైన కంపెనీ పేరుంది కదయ్యా."

"పేరు మీదే పెట్టండి సార్. హార్వర్డ్ వాళ్ళు చెప్పారు."

"మన బోర్డులో ఉన్న హార్వర్డ్ ఆయనా?"

"వేరే హార్వర్డ్ ఆవిడ సార్. మన ఆయనది గవర్నెన్స్. ఈవిడది నిజాయితీ. డిపార్ట్‌మెంట్లు వేరు."

రాజుగారు పైన సంతకం చేస్తారు. ఇంక్ ఆరకముందే గుండెలో ఏదో కలుక్కుమంటుంది. నగదు, బ్యాంకు నిల్వలు అన్న వరుస దగ్గరికి రాగానే చెయ్యి వణుకుతుంది. "ఇందులో ఐదు వేల కోట్లు కొట్టేయవయ్యా, లేవు" అంటారు. గుమాస్తా వైట్‌నర్ తెస్తాడు. ఆ వెంటనే ఇన్‌వాయిస్‌లు గుర్తొస్తాయి. సీబీఐ తర్వాత లెక్కపెట్టిన దొంగ ఇన్‌వాయిస్‌లు 7,561. వాటన్నిటికీ తలా ఒక సంతకం పైన పెట్టించుకుంటూ పోతే దసరా నాటికల్లా కంపెనీ మొత్తం పరిశుద్ధమైపోతుంది. ఆడిటర్లు వస్తారు, వాళ్ళూ పైనే పెడతారు. పెట్టగానే వాళ్ళకి ఎప్పుడూ రాని ఆలోచన ఒకటి వస్తుంది: ఫిక్స్‌డ్ డిపాజిట్ నిజంగా ఉందో లేదో బ్యాంకుకి మనమే ఫోన్ చేసి కనుక్కుంటే ఎలా ఉంటుంది?

కానీ చరిత్రలో అలా జరగలేదు. అన్ని సంతకాలూ కిందే పడ్డాయి. న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో కూడా లిస్టయిన కంపెనీ కాబట్టి అమెరికా చట్టానికొక సంతకం, మన స్టాక్ మార్కెట్లకి కాపలా కాసే సెబీ నిబంధనకొక సంతకం. గవర్నెన్స్, అంటే కంపెనీని నడిపే పద్ధతి, బాగుందని 2008 సెప్టెంబరులో గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చింది, తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి. బోర్డులో హార్వర్డ్ గవర్నెన్స్ ప్రొఫెసర్, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) డీన్, ఐఐటీ మాజీ డైరెక్టర్, మాజీ కేబినెట్ సెక్రటరీ. అంత చదువున్న బల్ల ముందుకి 2008 డిసెంబర్ 16న రాజుగారి కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకి కొనే ప్రతిపాదన వస్తే, అది ఏకగ్రీవంగా పాసైంది. దాన్ని ఆపింది షేర్‌హోల్డర్లు. అరిచి గోల చేసి కొన్ని గంటల్లోనే వెనక్కి తీసుకునేలా చేశారు. వాళ్ళలో ఒక్కరికీ ఆ అవార్డు రాలేదు.

ఇక్కడ పరిశోధకులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఈ వ్యవహారం మొత్తంలో నిజం బయటపెట్టిన కాగితం ఒక్కటే. 2009 జనవరి 7న రాజుగారు బోర్డుకి రాసిన ఉత్తరం. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవని చెప్పింది అందులోనే. సంతకం ఎక్కడుందో చూడండి. కిందే ఉంది.

సరే, పేపర్ సంగతికొద్దాం. 2021 ఆగస్టులో ముగ్గురు ప్రొఫెసర్లు ఆ ఇన్సూరెన్స్ లెక్కల ఎక్సెల్ షీటు తెరిచి చూశారు. మళ్ళీ చెబుతున్నాను, తెరిచి చూశారు, అంతే. దాదాపు పదమూడున్నర వేల మంది కస్టమర్లు. మామూలుగా ఊళ్ళో ఎక్కువమంది ఓ మోస్తరుగా తిరుగుతారు, బాగా తక్కువ తిరిగేవాళ్ళు, బాగా ఎక్కువ తిరిగేవాళ్ళు కొద్దిమందే ఉంటారు. ఇక్కడ వెయ్యి మైళ్ళు తిరిగినవాళ్ళు ఎందరో నలభై తొమ్మిది వేలు తిరిగినవాళ్ళూ అందరే. యాభై వేల దగ్గర గీత గీసినట్టు అందరి బళ్ళూ ఆగిపోయాయి. ఇంకా అందమైన సంగతి, వరుసల్లో సగం కాలిబ్రి ఫాంట్‌లో, సగం కేంబ్రియా ఫాంట్‌లో ఉన్నాయి. కాలిబ్రిలో ఉన్న ప్రతి బండికీ కేంబ్రియాలో ఒక కవల, రీడింగ్‌లో వెయ్యి మైళ్ళ లోపు తేడాతో. దొంగతనం చేసినవాడు ఫాంట్ మార్చే ఓపిక కూడా చేసుకోలేదు. మా వీధి చివర జిరాక్స్ షాపు కుర్రాడైనా డాక్యుమెంట్ ఇచ్చే ముందు ఫాంట్ ఒకటి చేసి ఇస్తాడు.

చేసిందెవరు? ఏరియలీ నేను కాదన్నారు. ఇన్సూరెన్స్ కంపెనీ మేమిచ్చిన లెక్కలు ఇవి కావంది. 2023లో అదే ముగ్గురు ప్రొఫెసర్లు జినోగారి పేపర్లు నాలుగు తీసి, అందులో ఇదే పేపర్‌లోని వేరే ప్రయోగం లెక్కలు కూడా తారుమారయ్యాయని చూపించారు. ఒకే పేపర్, రెండు ప్రయోగాలు, రెండిట్లోనూ లెక్కలు మారిపోయాయి! హార్వర్డ్ విచారణ జరిపి ఆవిడది తప్పేనని తేల్చింది, 2025లో శాశ్వత ఉద్యోగం తీసేసింది. తాను ఏ తప్పూ చేయలేదనే ఆవిడ ఇప్పటికీ అంటున్నారు.

ఇదంతా చదివి నవ్వుకోవచ్చు, నేనూ నవ్వుకున్నాను. నవ్వు రానిది ఒకటుంది. జినోగారి పేపర్లలో ఏదో తేడా ఉందని వీళ్ళందరికన్నా ముందే అనుమానించింది ఒక పీహెచ్‌డీ విద్యార్థిని. ఆ అనుమానాన్ని తన థీసిస్‌లో రాసుకుంది. కమిటీలో ఇద్దరు ఆ భాగం తీసేస్తే తప్ప సంతకం పెట్టమన్నారు. పరిశోధన అంటే పార్టీలో పెద్దమనుషుల కబుర్ల లాంటిదని, నువ్వు తలుపు తోసుకొచ్చి అందర్నీ తిడుతున్నట్టుందని ఒక ప్రొఫెసర్ సుద్దులు చెప్పాడు. ఎవరయ్యా తిట్టింది? లెక్క సరిపోవట్లేదని ఒక పిల్ల చెబితే అది తిట్టా? ఎందరో పెద్దలు కళ్ళకద్దుకున్న పేపర్‌ని ఒంటరిగా కూర్చుని చదివి, తప్పు పట్టుకుని, భయపడుతూనే రాసిందే, ఆ పిల్లకి ఒక్క మాట మెచ్చుకోలుగా చెప్పడానికి నోరు రాలేదు, నోరు మూయించడానికి మాత్రం సంతకం అడ్డం పెట్టారు. ఆమె తీసేసింది. డాక్టరేట్ వచ్చింది. తర్వాత ఆ ప్రపంచమే వదిలేసి వెళ్ళిపోయింది. అలా వెళ్ళిపోయినవాళ్ళు ఇంకెందరున్నారో ఏ ఎక్సెల్ షీటులోనూ దొరకదు. సత్యంలోనూ అంతే కదా, లెక్కలు కుదరడం లేదని లోపల ఒక్క చిన్న ఉద్యోగికైనా తెలిసే ఉంటుంది. తెలిసి ఎవరితో చెప్పాలి? బోర్డులో కూర్చున్న గవర్నెన్స్ నిపుణులతోనా?

పైగా ఆ ముగ్గురు ప్రొఫెసర్ల మీదా, హార్వర్డ్ మీదా కలిపి జినోగారు రెండున్నర కోట్ల డాలర్లకి కేసు వేశారు. ఆ ముగ్గురి లాయర్ల ఫీజులకి తోటి పరిశోధకులే చందాలు వేసుకున్నారు. వాళ్ళ మీద వేసిన పరువునష్టం దావాని కోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది. ఎక్సెల్ షీటు తెరిచి చూసిన నేరానికి ఏడాది పైగా ముద్దాయిలుగా ఉన్నారు.