పర్సనాలిటీ టెస్టు చూసి కెరీర్ చెప్పేస్తారా?

"నువ్వు ఇంట్రావర్ట్‌వి, మార్కెటింగ్ నీకు పడదు, కోడింగ్ తీసుకో." ఇలాంటి సలహాలు వింటే ఒళ్లు మండుతుంది. మనిషి స్వభావం వేరు, ఏ పని చేయడం ఇష్టమన్నది వేరు. ఇష్టం తెలియాలంటే ఇష్టాన్నే అడగాలి.

అడిగే పద్ధతేమీ కొత్తది కాదు, ఎడ్వర్డ్ స్ట్రాంగ్ అనే మనస్తత్వవేత్త వృత్తి ఆసక్తుల ప్రశ్నావళి వచ్చింది 1927లో. ఇప్పుడు ఎక్కువగా నడిచేది మనస్తత్వవేత్త జాన్ హాలండ్ చెప్పిన ఆరు రకాల ఆసక్తులు: రియలిస్టిక్ (చేతిపని, యంత్రాలు), ఇన్వెస్టిగేటివ్ (పరిశోధన), ఆర్టిస్టిక్ (కళలు), సోషల్ (మనుషులకు సాయం, బోధన), ఎంటర్‌ప్రైజింగ్ (వ్యాపారం, నాయకత్వం), కన్వెన్షనల్ (లెక్కలు, రికార్డులు). అమెరికా ప్రభుత్వ వృత్తుల సమాచార వ్యవస్థ ఓనెట్ (O*NET) చిన్న పరీక్షలో 60 పనులుంటాయి, రకానికి 10. వంటింటి అలమరాలు తయారుచేయడం, కొత్త మందు కనిపెట్టడం, ఇలా. జీతం, చదువు పక్కనపెట్టి, పని నచ్చుతుందా లేదా అన్నదొక్కటే ఐదు మెట్లలో చెప్పాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు, "నాకు వచ్చా?" అని ఆలోచించి టిక్కు పెడతారు.

మరి స్వభావానికి సంబంధమే లేదా? ఉంది, కొంత. ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2002 నాటి మెటా విశ్లేషణలో ఓపెన్‌నెస్‌కీ (కొత్తదనం మీద మక్కువ) ఆర్టిస్టిక్‌కీ సహసంబంధం 0.48 (0 అంటే ముడే లేదు, 1 అంటే పూర్తి ముడి), ఎక్స్‌ట్రావర్షన్‌కీ (కలుపుగోలుతనం) ఎంటర్‌ప్రైజింగ్‌కీ 0.41. ఉన్నవాటిలో గట్టివి ఇవే. 0.48ని వర్గం చేస్తే 0.23. అంటే ఆ ఆసక్తిలో మనుషుల మధ్య ఉన్న తేడాలో నాలుగో వంతు కూడా స్వభావం లెక్కకు అందడం లేదు. రియలిస్టిక్‌కైతే బిగ్ ఫైవ్ అనే ఐదు స్వభావ లక్షణాల్లో దేనితోనూ చెప్పుకోదగ్గ ముడి లేదు. యంత్రాలంటే ఇష్టమో కాదో ఏ పర్సనాలిటీ టెస్టు చెబుతుంది?

ఆసక్తి పరీక్ష పెట్టేవాళ్లూ తక్కువ తినలేదు. ఎక్కువ స్కోరు వచ్చిన మూడు రకాల మొదటి అక్షరాలతో కోడ్ రాగానే జాతకచక్రంలా చదివేస్తారు. ఒక రకం స్కేలుకు ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరాయన్నది) 8, విశ్వసనీయత (కొలత ఎంత నిలకడైనదన్నది, గరిష్ఠం 1) 0.84 అనుకోండి. ఒక్కో స్కోరులో కొలత దోషం 3.2, రెండు స్కోర్ల తేడాలో దాదాపు 4.5. సోషల్ 31, ఆర్టిస్టిక్ 29 వస్తే ఏది ముందో ఎవరూ చెప్పలేరు. వచ్చే వారం మళ్లీ రాయిస్తే అక్షరాలు తారుమారు కావచ్చు. అలాంటప్పుడు ఆ రెండక్షరాలను అటూ ఇటూ మార్చి రెండు వరుసల్లోనూ ఉద్యోగాలు వెతకాలి.

ఇంకో తంటా, అన్నిటికీ "ఇష్టం" కొట్టేవాళ్లు. ఆరు స్కోర్లూ ఎత్తులోనే ఉంటాయి. వాళ్ల సగటు తీసి, ఏది దానికి పైన, ఏది కింద ఉందో చూడాలి. అన్నీ అడుగున ఉంటే "దేనిమీదా ఆసక్తి లేదు" అని రిపోర్టు రాసేయకండి. ఆ పనులు ఎవరైనా చేస్తుండగా ఎప్పుడైనా చూశారా అని ముందు అడగండి.