మాస్టారు మొద్దు అన్నాడు రవి

తెలుగు క్లాసు మూడో పీరియడులో పడి, ఆ గది వంటషెడ్డు పక్కన ఉంటే, విరామ చిహ్నాలు ఆ పూట చెప్పకపోవడమే మంచిది. ఏడో తరగతి తెలుగు మాస్టారికి ఈ సంగతి తెలుసు. కాకపోతే సిలబస్ మిగిలిపోయింది.

మొదలెట్టడం ఉక్తలేఖనంతోనే మొదలెడతారు ఎవరైనా. వాక్యం మూడుసార్లు చదవాలి. మొదటిసారి ఆసాంతం, పిల్లలు కలం పట్టకుండా వినడానికి. రెండోసారి ముక్కలు ముక్కలుగా, రాయడానికి. మూడోసారి మళ్ళీ ఆసాంతం, దిద్దుకోడానికి. కొంప మునిగేది రెండోసారిలోనే. "సుబ్బయ్య సంతలో ఉల్లిపాయలు కామా వంకాయలు కామా పచ్చిమిరపకాయలు కొన్నాడు ఫుల్‌స్టాప్" అని మాస్టారు చదివారు. 42 పుస్తకాల్లో 11 మంది సుబ్బయ్యలు కూరగాయలతో పాటు కామాలు కూడా కొనుక్కుని ఇంటికెళ్ళారు.

నోటితో చెబితే ఇదీ వరస కాబట్టి ఆయన ఉపాయం మార్చారు. డస్టరుతో బల్ల మీద ఒక దెబ్బ కొడితే కామా, రెండు కొడితే ఫుల్‌స్టాప్. ఉపాయం మంచిదే. అయితే సరిగ్గా "ఉల్లి" అనేసరికి అవతల వంటావిడ సాంబారు గరిటెను గిన్నె అంచుకి రెండుసార్లు కొట్టింది. కిటికీ పక్క వరస మొత్తం "ఉల్లి. పాయలు" అని రాసింది. "ఇదేవిట్రా?" అంటే, "రెండు దెబ్బలు వినబడ్డాయి సార్" అన్నారు. తప్పు పట్టడానికేం లేదు.

ఆ ఫుల్‌స్టాప్ పెట్టే తీరులో ఇంకో గండం ఉంది. ఇంగ్లీషులో చుక్క కాస్త లావైతే లావు చుక్క అవుతుంది, అంతే. తెలుగులో అలా కాదు. కలం ముల్లు ఒక్కసారి ఆనించి తీసేయాల్సింది పోయి, పిల్లలు బుద్ధిగా గుండ్రంగా తిప్పుతారు. తిప్పిందల్లా సున్నా అవుతుంది. "కొన్నాడు" కాస్తా "కొన్నాడుం" అయి కూర్చుంటుంది. సున్నాకీ చుక్కకీ తేడా చెప్పడానికి మాస్టారు బోర్డు మీద రెండూ పెద్దవిగా గీశారు. చివరి బెంచీకి రెండూ ఒకలాగే కనిపించాయి.

ఇవన్నీ చేతిరాత గొడవలు, సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది పిల్లల వాదన. "'వచ్చాడా' అన్నాక మళ్ళీ ప్రశ్న గుర్తెందుకు సార్? 'ఆ' ఉందిగా?" "'వస్తాను అని చెప్పాడు' అంటే సరిపోయె, కొటేషన్లెందుకు?" "'అమ్మా నాన్నా తాతయ్యా వచ్చారు' అంటే కామా దేనికి సార్, దీర్ఘాలున్నాయి కదా?" నిజం చెప్పాలంటే వాళ్ళ మాటలో బలం ఉంది. తాటాకుల మీద రాసిన కాలంలో పదానికీ పదానికీ మధ్య ఖాళీ కూడా వదిలేవారు కాదు. పద్యం చివర నిలువు గీత ఒకటో రెండో పడితే అదే ఎక్కువ. ఈ చుక్కలూ తోకలూ అచ్చు యంత్రాల వెంట వచ్చాయి. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలున్నాయి, విరామ చిహ్నాలకంటూ ఒక్కటీ లేదు. మాస్టారు ఈ విషయం పిల్లలకు చెప్పకుండా జాగ్రత్తపడ్డారు.

(ఈ క్లాసు తర్కం ముందునుంచీ ఇంతే. యణాదేశ సంధి చెప్పిన మర్నాడు "అత్యాశ"కు తోడుగా ఇంకో ఉదాహరణ రాసుకు రమ్మంటే, ఒకడు "బిరి + ఆనీ = బిర్యానీ" అని రాసుకొచ్చాడు. ఇకారానికి అసవర్ణాచ్చు పరమైంది, యకారం వచ్చింది, సూత్రం ఎక్కడా తప్పలేదు. విడదీసిన ముక్కలకు అర్థం ఉండాలనీ, అది సంస్కృత సంధి కాబట్టి రెండూ సంస్కృత పదాలై ఉండాలనీ చెప్పేలోపు పక్కవాడు "పక + ఉడీ, గుణసంధి" అన్నాడు.)

మాటలతో లొంగేలా లేరని, ప్రత్యయాలు చేతులెత్తేసే వాక్యం ఒకటి బోర్డు మీద రాశారు, గుర్తులేమీ లేకుండా:

మాస్టారు మొద్దు అన్నాడు రవి

"దీనికి గుర్తులు పెట్టండిరా" అన్నారు. మంచి వాక్యం. "మాస్టారు మొద్దు" అన్నాడు రవి, అని పెడితే తిట్టు మాస్టారికి తగులుతుంది. మాస్టారు, "మొద్దు" అన్నాడు రవి, అని పెడితే ఎవరో పిల్లవాడు రవి మీద ఫిర్యాదు చేస్తున్నాడు, మాస్టారు బతికిపోతారు. మొత్తం తేడా ఒక కామాలోనూ, కొటేషన్ ఎక్కడ తెరుచుకుందన్న దాంట్లోనూ ఉంది. పిలుపులో "మాస్టారూ" అని దీర్ఘం తీస్తే ఈ చిక్కే రాదు, అది వేరే సంగతి. మాస్టారే రవిని తిట్టారన్న అర్థం మాత్రం చచ్చినా రాదు. ఆయనైతే "అన్నారు" అయ్యేది. మనకు గౌరవం క్రియలో ఉంటుంది.

ఇదంతా చెబుదామని సుద్దముక్క ఎత్తారు. గంట కొట్టేశారు. మాస్టారు హాజరు పట్టీ తీసుకుని తొమ్మిదో తరగతికి వెళ్ళిపోయారు. వాక్యం బోర్డు మీదే ఉండిపోయింది.

నాలుగో పీరియడు లెక్కల మాస్టారు సెలవు. గోల విని హెడ్మాస్టారు వచ్చారు. బోర్డు వైపు చూశారు, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు.

"ఎవడ్రా ఈ రవి?"

ముగ్గురు లేచారు. రవికుమార్, రవితేజ, ఉత్త రవి.

"అది అభ్యాసం సార్" అంది ముందు బెంచీ అమ్మాయి. "గుర్తులు పెట్టాలండి."

హెడ్మాస్టారిది సైన్సు. అయినా పిల్లల ముందు తగ్గడమెందుకని సుద్దముక్క తీసి వాక్యం చివర గట్టిగా ఒక ప్రశ్న గుర్తు గీశారు.

"'ఆ' లేదండి" అందా అమ్మాయి.

"ఏ ఆ?"

"ప్రశ్నకి 'ఆ' ఉండాలి కదండి. ఎక్కడ పెట్టమంటారు? 'అన్నాడా రవి' అంటే, అన్నాడో లేదో అని మీ అనుమానం. 'అన్నది రవా' అంటే, అనడం అన్నారు గానీ ఎవరన్నారో అని మీ అనుమానం."

వెనక బెంచీ నుంచి ఒక గొంతు వచ్చింది: "'మాస్టారు మొద్దా' అని కూడా పెట్టొచ్చు సార్."

హెడ్మాస్టారు "నోర్ముయ్" అనలేదు. బోర్డు వైపు తిరిగి, "మొద్దు" దగ్గర సుద్దముక్క ఆనించి, కాసేపు ఆలోచించారు. అవతల వంటావిడ గరిటెతో గిన్నె మీద రెండు దెబ్బలు కొట్టింది. క్లాసంతా తలలు వంచి ఫుల్‌స్టాప్ పెట్టింది.