క్రోమ్‌లో బాగుంటే చాలంటున్న ఆ ఫార్వర్డు గురించి

"క్రోమ్‌లో బాగుంటే అన్నిట్లోనూ బాగున్నట్టే. ఇప్పుడన్నీ లోపల క్రోమే. ఐఫోన్‌లో ఎలా ఉంటుందో ఎఫ్12 నొక్కి చూసుకోండి. అయినా తేడా వస్తే బూట్‌స్ట్రాప్ పెట్టేయండి." శ్రీకాకుళంలో వెబ్‌సైట్లు నేర్చుకుంటున్న పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఇది తెగ తిరుగుతోంది. మా మేనల్లుడు కూడా దీన్ని నమ్ముకునే, తెలిసినవాళ్ళ పొందూరు ఖద్దరు కొట్టుకి పేజీ కట్టాడు.

ముందు నిజమెంతో ఒప్పుకుందాం. ఎడ్జ్ 2020 నుంచి క్రోమ్‌కి ఆధారమైన క్రోమియం మీదే నడుస్తోంది, ఒపెరా అంతకుముందే మారింది. అందరినీ ఏడిపించిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే సాగనంపింది. "అన్నీ" అనేసరికే వచ్చింది చిక్కు. పేజీని తెరమీద గీసే భాగాన్ని ఇంజిను అంటారు. ఫైర్‌ఫాక్స్ ఇంజిను గెకో, ఐఫోన్ సొంత బ్రౌజరు సఫారీది వెబ్‌కిట్. తమాషా ఏమిటంటే, మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నా లోపల ఉండేది వెబ్‌కిట్టే. యాపిల్ పెట్టిన షరతు అది. బోర్డు క్రోమ్‌ది, కొట్టు సఫారీది.

ఇక ఎఫ్12, అంటే లాప్‌టాప్ క్రోమ్‌లో పేజీని పరీక్షించే పనిముట్లు తెరిచే మీట. అందులో ఐఫోన్ అని ఎంచుకుంటే తెర కొలతలు మారతాయి, బ్రౌజరు తన పేరు మార్చి చెప్పుకుంటుంది, అంతే. పేజీని గీసేది మళ్ళీ ఆ క్రోమే. మావాడు పేజీ ఎత్తు 100వీహెచ్ (తెర ఎత్తంతా) అని రాసి, ఆర్డరు బటన్ అట్టడుగున పెట్టాడు. ఎఫ్12లో ముచ్చటగా ఉంది. వాళ్ళ అక్క ఐఫోన్‌లో తెరిస్తే బటన్ సగం అడ్రస్ బార్ వెనక దాక్కుంది. అడ్రస్ బార్ ముడుచుకున్నప్పుడు ఉండే ఎత్తునే ఫోను 100వీహెచ్‌గా లెక్కేస్తుంది మరి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లోనూ ఇదే లెక్క, లాప్‌టాప్ క్రోమ్‌లోనే తెలీదు. 100డీవీహెచ్ (అప్పటికి కనపడే ఎత్తు) అని రాస్తే ఆ బాధ లేదు. 2022లో అది మూడు ఇంజిన్లలోకీ వచ్చేసింది. పాత ఫోన్ల కోసం దానిపైన వీహెచ్ లైను కూడా ఉంచండి. అర్థంకాని లైన్ని బ్రౌజరు దాటేస్తుంది.

బూట్‌స్ట్రాప్, అంటే రెడీమేడ్ డిజైన్ కోడు, మంచిదే. 300 పిక్సెల్స్ డబ్బాకి అటూ ఇటూ 20 ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఇస్తే 340 అయిపోయే గొడవని ఆ ఖాళీనీ 300లోనే కలిపేసే బోర్డర్-బాక్స్‌తో తనే తీర్చేస్తుంది. కానీ పైన డాక్‌టైప్ (ఇది హెచ్‌టీఎంఎల్ పేజీ అని చెప్పే మొదటి లైను) రాయకపోతే బ్రౌజరు పాతకాలపు పేజీల లెక్కలు వాడే క్విర్క్స్ మోడ్‌లోకి పోతుంది. ఫోను వెడల్పే వాడమని చెప్పే వ్యూపోర్ట్ లైను మరిచిపోతే ఫోను పేజీని 980 పిక్సెల్స్ వెడల్పనుకుని చీమంత చేసి చూపిస్తుంది. ఆ రెండూ మనమే రాయాలి.

పైగా బూట్‌స్ట్రాప్ శీర్షికల లైన్-హైట్ (వరుస ఎత్తు అక్షరాల సైజుకి ఎన్ని రెట్లో) 1.2. ఇంగ్లీషుకి సరే, కింద వత్తులూ పైన గుడులూ ఉన్న మన అక్షరాలకి ఇరుకు. దానికి తోడు మావాడు శీర్షిక డబ్బా ఎత్తు 32 పిక్సెల్స్‌కి బిగించి, పొంగింది కనపడకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టాడు. లాప్‌టాప్‌లో నిర్మలా ఫాంటు సరిపోయింది. ఆండ్రాయిడ్‌లో తెలుగుకి వచ్చేది నోటో, ఐఫోన్‌లో కోహినూర్, దేని ఎత్తు దానిది. ఫోన్‌లో చూసి "ఇదేటి మావయ్యా, అరసవల్లికి వత్తు ఎగిరిపోయింది" అన్నాడు. నిజంగానే "అరసవలి రోడ్డు" అని ఉంది. ఏ ఇంజినూ చేసిన తప్పు కాదిది. ఎత్తు లైను తీసేసి, లైన్-హైట్ 1.6 చేయించాను, వత్తు దిగొచ్చింది.

బటన్ సంగతి మిగిలింది. డీవీహెచ్ అయితే రాశాడు గానీ, చూసుకోడానికి అక్క ఐఫోన్ ఆదివారం దాకా దొరకదు.