హెడ్ హెవీ బ్యాట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ హెడ్ హెవీ, ఎక్స్‌ట్రా స్టిఫ్, 4యూ షటిల్ బ్యాట్ గారి సముఖానికి,

నమస్కారాలు. తల వైపు బరువు, సులువుగా వంగని కాడ (షాఫ్ట్), 4యూ అనే బరువు తరగతి, ఇవీ తమ బిరుదులు. తమరు షోరూమ్‌లో గాజు తలుపు వెనక, లైటు వెలుగులో, కొక్కానికి వేలాడుతూ క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మా అపార్ట్‌మెంట్ కోర్టులో మాత్రం తమ బంధువర్గం దిగాక ఎవరికీ క్షేమం లేదు. పొద్దున ఆరింటి బ్యాచ్‌లో నలుగురు ఆడుతుంటే ముగ్గురి చేతుల్లో మీవాళ్లే. షటిల్ కాక్‌లు లైట్లకు తగులుతున్నాయి, పక్క కోర్టులో వాలుతున్నాయి, అప్పుడప్పుడూ పార్ట్‌నర్ వీపుకు తగులుతున్నాయి. నెట్ దాటి గీతల లోపల పడేవే తక్కువ.

మిమ్మల్ని కొన్నవాళ్లందరూ చెప్పే కారణం ఒక్కటే. "గురి కుదరడం లేదండీ, మంచి బ్యాట్ ఉంటే కుదురుతుంది." ఆ మాట చెవిన పడగానే షాపు కుర్రాడు తిన్నగా మీ గాజు తలుపు తెరుస్తాడు. "ఇది ప్రోస్ వాడేది సార్, స్మాష్ పేలిపోద్ది" అంటాడు. గురి అడిగితే బలంగా బాదే స్మాష్ చూపిస్తున్నావేమిటయ్యా అని ఒక్కరైనా అడగరు. 15 వేలకు పైన ధారపోసి తెచ్చుకుంటారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవాళ్ల ముచ్చట ఇంకోటి. పెట్టె విప్పితే ఖాళీ ఫ్రేమ్! మీ అంతస్తు బ్యాట్లకు గట్టింగ్, అంటే తీగల అల్లిక, విడిగా వేయించుకోవాలన్న సంగతి అప్పుడు తెలుస్తుంది. కంపెనీ మోసం చేసిందని ఆ రాత్రంతా కస్టమర్ కేర్‌తో గొడవ.

అసలు మా హైదరాబాద్ గాలే అలాంటిది లెండి. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన గోపీచంద్ అకాడమీ గచ్చిబౌలిలో ఉంది. సైనా, సింధు, శ్రీకాంత్ చెమటోడ్చిన ఊరు. ఆ అకాడమీ ముందు నుంచి ఆఫీసు క్యాబ్‌లో రోజూ వెళ్తున్నాం కాబట్టి సగం ఛాంపియన్లం అయిపోయినట్టే, మిగతా సగం మీరు చూసుకుంటారని మావాళ్ల లెక్క.

మీ పొగరంతా స్మాష్ మీదే కనుక ఒక వార్త మీ చెవిన వేస్తాను. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్‌కెక్కాడు. ఆ రోజు అతని చేతిలో ఉన్నది యోనెక్స్ నానోఫ్లేర్ 1000 జెడ్. అది హెడ్ లైట్ బ్యాట్ స్వామీ! తల తేలిక జాతి. మీ వంశవృక్షంలో ఎక్కడా లేని శాల్తీ. ఈ సంగతి చెబితే మా బ్లాకులో ఒకాయన రెండు నిమిషాలు ఆలోచించి, ఇప్పుడు దాన్నే కొంటానన్నాడు. అదీ ఎక్స్‌ట్రా స్టిఫ్ అని చెప్పినా వినలేదు. ఆయన్ని బాగుచేయడం నా వల్ల కాదు, మీ వల్ల అసలు కాదు.

గురి సంగతికొద్దాం. నియమాల ప్రకారం గట్లు అల్లిన భాగం 280 మిల్లీమీటర్ల పొడవు, 220 మిల్లీమీటర్ల వెడల్పు మించకూడదు. అంత మైదానంలో కాక్ తగిలితే చెయ్యి అదరకుండా టంగుమని మోగే చోటు కాస్తే. స్వీట్ స్పాట్ అంటాం. ఆ చోటు పెంచుదామనే యోనెక్స్ 1992లో కోడిగుడ్డు తలను పైన చదును చేసి ఐసోమెట్రిక్ అని తెచ్చింది. మీరూ ఆ తలతోనే పుట్టారు, సంతోషం. కానీ గట్టింగ్ బిగించేకొద్దీ ఆ చోటు మళ్లీ కుంచించుకుపోతుంది. మీ యజమాని షాపుకెళ్లి ఏమంటాడు? "30 పౌండ్ల బిగువు వెయ్యన్నా." మీ పిడి పైన ఎంత వరకు బిగించవచ్చో చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. గట్టింగ్ వేసే అన్న దాన్ని చూపించి, ఫ్రేమ్ పగిలితే నాకు సంబంధం లేదని ముందే చెబుతాడు. ఇతను తల ఊపుతాడు. పైగా 0.61 మిల్లీమీటర్ల సన్నటి గట్ కావాలట. దానితో నైలాన్ కాక్ ఆడతాడు. వారం తిరక్కుండా గట్ టప్పుమని తెగుతుంది.

మొన్న మా బ్యాచ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడి దగ్గరున్న మీ తమ్ముణ్ణి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. ఆడిన బ్యాట్‌కి నడుమన గట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని గాట్లు పడాలి. ఇతని బ్యాట్‌కి నడుమన షాపులో వేసినప్పటి నునుపు అలాగే ఉంది. గాట్లన్నీ పై అంచున, ఎడమ వారన. ఫ్రేమ్ నెత్తిన రంగు పెచ్చులూడి కింది కార్బన్ కనబడుతోంది. కాక్ ఎక్కడ తగులుతోందో అడగక్కర్లేదు, బ్యాటే సాక్ష్యం చెబుతోంది. ఆడలేక మద్దెల ఓడు అంటారుగానీ, ఇక్కడ మద్దెలకీ కొంచెం వాటా ఉంది. తల బరువు వల్ల మీరు వెనక నుంచి ఆలస్యంగా వస్తారు. అవతలివాడు స్మాష్ కొట్టినప్పుడు కుర్రాడు బ్యాట్ అడ్డం పెట్టేలోపు కాక్ ఫ్రేమ్‌కి తగిలి పోతోంది.

అదే కోర్టులో రిటైరైన మాస్టారు ఒకాయన ఉన్నారు. చిన్నప్పుడు కోస్తాలో ఉన్ని బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడిన చెయ్యి. ఆయన బ్యాట్ ఏ కంపెనీదో రంగు పోయి తెలియదు. 0.70 గట్, 22 పౌండ్లు. ఆయన ఏం చేస్తారో మీరు చూడాలి. ఖాళీ కాక్ డబ్బాలు రెండు, అవతలి కోర్టులో షార్ట్ సర్వీస్ గీత మూలల్లో నిలబెడతారు. ఇవతల నిలబడి సర్వీసు మీద సర్వీసు. చేతికి తేడాగా తగిలితే కాక్ సంగతి వదిలేసి బ్యాట్ వైపు చూస్తారు, గట్ మీద ఎక్కడ తగిలిందని. పదహారు ఈకలు, అయిదున్నర గ్రాములు దాటని వస్తువు. దాన్ని పంపడానికి ఆయన భుజం లేవదు, వేళ్లు మాత్రం చివర్లో పిడిని నొక్కుతాయి. డబ్బా పడిపోతే లేపి నిలబెట్టేది మా పిల్లలు. మిమ్మల్ని కొన్నవాళ్లు ఈ తంతును వార్మప్ అనుకుని పక్కన ఫోన్లు చూసుకుంటారు.

మీలో మంచి లేదనను, అన్యాయం మాట్లాడకూడదు. గట్టి షాఫ్ట్ ఉన్న బ్యాట్ కొట్టిన చోటికే పంపుతుందన్నది నిజం. మెత్తటి షాఫ్ట్ వంగి తిరిగి వచ్చే సమయం ఒక్కో దెబ్బకు ఒక్కోలా ఉంటుంది, అక్కడ దిశ కాస్త తప్పుతుంది. అయితే మీ గట్టితనాన్ని వంచేంత వేగం చేతిలో ఉండాలి కదా. అది లేనివాడికి మీరు పలకరు. వాడు భుజం బలమంతా వాడి బాదుతాడు, మోచేతికి బ్యాండేజీ కట్టుకుని వస్తాడు, మళ్లీ గ్రిప్ మార్చమంటాడు.

గ్రిప్ అంటే గుర్తొచ్చింది. పిడి సన్నగా ఉందని మావాళ్లు గ్రిప్ మీద గ్రిప్, దాని మీద ఇంకో గ్రిప్ చుడుతున్నారు. ఆ బరువంతా చేతి వైపు చేరి మీ తల బరువు తగ్గిపోతోంది. వేలు పోసి కొన్న హెడ్ హెవీని కొన్ని రూపాయల టేప్‌తో హెడ్ హెవీ కాకుండా చేస్తున్నారు. మీకు కోపం రావడం లేదా?

నా చేతిలో అధికారం ఉంటే షోరూమ్ గాజు తలుపు మీద ఒక చీటీ అంటిస్తాను. షాఫ్ట్ కింద వేలు పెట్టి బ్యాట్‌ను అడ్డంగా నిలిపి చూడండి, పిడి చివర నుంచి సుమారు 285, 295 మిల్లీమీటర్ల మధ్య తూగితే అది సమతూకం. గురి కోసం వచ్చినవాళ్లు అది తీసుకోండి, షాఫ్ట్ మీడియం, గట్టింగ్ 22, 24 పౌండ్లు. 4యూ అని చూసి మురిసిపోకండి, 80 నుంచి 85 గ్రాముల లోపు అని తప్ప ఆ బరువు ఎటువైపుందో అది చెప్పదు. బుల్లి తలతో ప్రాక్టీస్ బ్యాట్లు కూడా దొరుకుతాయి, నడుమన తగలకపోతే కాక్ లేవనే లేవదు. మా కోర్టులో ఒక్కరూ కొనలేదు. దానితో ఫొటో దిగితే బాగోదట.

చివరిగా వ్యాపారం. మీ తమ్ముణ్ణి నిన్న రాత్రి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అమ్మకానికి పెట్టారు. "లైట్‌గా వాడినది, అర్జెంట్, ధర మాట్లాడుకోవచ్చు." రంగు పెచ్చులు కనబడకుండా ఫొటో వెనక నుంచి తీశాడు కుర్రాడు. కొనడానికి మాస్టారు సిద్ధంగా ఉన్నారు. ఆడటానికి కాదు, మూడో డబ్బాలా గురికి నిలబెట్టడానికట. మూడు వందలు ఇస్తామంటున్నారు. కుర్రాడు నాలుగు వేల దగ్గర ఆగాడు. మీవాడేగా, మీరే కాస్త నచ్చజెప్పండి.

ఇట్లు,
ఆరింటి బ్యాచ్‌లో వెనక కోర్టు చూసుకునే ఒక మనిషి